కుర్చీ వెనక నిలబడి

ఆషాఢం కదా, ప్రెస్‌లో పని పలచగా ఉంది. ముహూర్తాలు లేవు, శుభలేఖలూ లేవు. పొద్దున ఒక ట్యూషన్ సెంటర్ కరపత్రం, ఒక హార్డ్‌వేర్ షాపు బిల్‌బుక్కులు కంపోజ్ చేసి ప్రూఫ్‌కి పంపేశాను. మెషిన్ ఆగి ఉంది. పదకొండు దాటాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫిలిప్ రాబర్ట్స్ ప్రసంగం మళ్ళీ చూశాను.

2014లో జెఎస్‌కాన్ఫ్ ఈయూ అనే జావాస్క్రిప్ట్ సభలో ఇచ్చిన ప్రసంగం అది. అరగంట కూడా ఉండదు. వెబ్ పేజీలని కదిలించే భాష జావాస్క్రిప్ట్ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది, మరి పేజీలో ఒకపక్క టైమర్ నడుస్తూ, ఇంకోపక్క సర్వర్ నుంచి డేటా వస్తూ, మధ్యలో బటన్ నొక్కితే కూడా ఎలా పలుకుతోంది అన్నది ఆయన ప్రశ్న. జవాబు కోసం క్రోమ్ లోపల జావాస్క్రిప్ట్‌ని నడిపే వీ8 ఇంజిన్ కోడ్ తెచ్చుకుని, అందులో సెట్‌టైమవుట్ (ఇంత గడువు తర్వాత ఈ పని చెయ్యి అని చెప్పే మాట) అన్న పేరు వెతికాడట. లేదు. ఆ ఒక్క సంగతి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. రోజూ వాడే మాట, జావాస్క్రిప్ట్‌దే అనుకునే మాట, అసలా ఇంజిన్‌లోనే లేదు! దాన్ని నడిపేది బ్రౌజర్. గడువు లెక్కపెట్టేది బ్రౌజర్, గడువు తీరాక మన ఫంక్షన్‌ని తెచ్చి క్యూలో నిలబెట్టేదీ బ్రౌజరే. చేతిలో ఉన్న పనులన్నీ అయిపోయి కాల్ స్టాక్ (నడుస్తున్న పనుల దొంతర) ఖాళీ అయితేనే క్యూలో ముందున్నది లోపలికి వెళ్తుంది. అందుకే సున్నా మిల్లీసెకన్లు అని రాసినా ఆ పని వెంటనే జరగదు, తన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇదంతా ఆయన నోటితో చెప్పి వదిలేయడు. తెరమీద స్టాక్ ఒకపక్క, బ్రౌజర్ చేసే పనులు ఒకపక్క, కింద క్యూ గీసి పెట్టి, కోడ్‌లో ఒక్కో వరస నడుస్తుంటే ఏది ఎక్కడికి కదులుతోందో చూపిస్తాడు. అలా చూపించడానికే లూప్ (Loupe) అనే చిన్న పరికరం సొంతంగా తయారు చేసుకున్నాడు. నేను మధ్యమధ్యలో ఆపి, ముందు ఏ వరస అచ్చవుతుందో నోట్‌బుక్‌లో రాసుకుని, తర్వాత వదులుతాను. ఇవాళ అన్నీ సరిపోయాయి. చాలా సంతోషం వేసింది.

దానికి తరవాయిలా ఉండే ప్రసంగం జేక్ ఆర్చిబాల్డ్‌ది. 2018లో సింగపూర్‌లో, జెఎస్‌కాన్ఫ్ ఏషియాలో ఇచ్చాడు. రాబర్ట్స్ ఆపిన చోటునుంచి ఇంకా లోపలికి తీసుకెళ్తాడు: బ్రౌజర్ తెరమీద బొమ్మ గీయడానికి ఎప్పుడు వెళ్తుంది, ప్రామిస్ (తర్వాత రాబోయే ఫలితానికి ఇచ్చే మాట) తాలూకు పనులు మామూలు క్యూలో కాకుండా వేరే క్యూలో ఎందుకుంటాయి అని. సెట్‌టైమవుట్ తనని తాను ఆపకుండా పిలుచుకుంటూ పోయినా పేజీ కదులుతూనే ఉంటుంది, అదే పని ప్రామిస్‌తో చేస్తే పేజీ బిగుసుకుపోతుంది. ఎందుకంటే ప్రామిస్‌ల క్యూ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా బ్రౌజర్ బొమ్మ గీయడానికి వెళ్ళదు. పుస్తకంలో ఇది రెండు పేరాలు ఉంటుంది, చదివి మర్చిపోతాం. బ్రౌజర్ పనులు తిరిగే తీరుకి ఆయన గీసిన చక్రం, దాని పక్కదారులు కళ్ళతో చూశాక మర్చిపోవడం కష్టం.

నేను డిటిపి ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్చుకోలేదు. ప్రెస్‌లో సీనియర్ ఆపరేటర్ కుర్చీ వెనక నిలబడి నేర్చుకున్నాను. ఆయన ఏం నొక్కుతున్నాడో చెప్పేవాడు కాదు. అడిగితే విసుక్కునేవాడు కూడా. కానీ పెళ్ళికూతురి పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగేది. సైజు ఒక పాయింట్ తగ్గించేవాడు, వెనక్కి జరిగి చూసేవాడు, మళ్ళీ పెంచేవాడు. ఆగిన ఆ కాసేపటిలోనే నాకు కావలసిన పాఠం ఉండేది. వెబ్ నేర్చుకుందామని కూర్చున్నప్పుడు నాకు ఆ కుర్చీ కరువైంది. తెనాలిలో ఎవరి వెనక నిలబడాలి? రాతలో ఉన్న పాఠాలు పూర్తయిన పనినే చూపిస్తాయి, తడబాటు, ఎంపిక తుడిచేసి ఉంటాయి. రికార్డు చేసిన ప్రసంగాల్లో, ముఖ్యంగా స్టేజీ మీదే కోడ్ రాసే వాళ్ళ దగ్గర, ఆ చెయ్యి ఆగడం కనిపిస్తుంది. సీఎస్ఎస్ మీద, అంటే వెబ్ పేజీ రూపం చెప్పే భాష మీద, ప్రసంగించే లియా వెరూ స్లైడ్లు అసలు వెబ్ పేజీలే. మాట్లాడుతూనే స్లైడ్‌లో సీఎస్ఎస్ మారుస్తుంది, బొమ్మ అక్కడికక్కడే మారుతుంది. ఒక విలువ రాసి, నచ్చక ఇంకోటి రాసే తీరు చూస్తుంటే నాకు మా ప్రెస్ గుర్తొస్తుంది.

యాస మొదట్లో ఇబ్బంది పెట్టింది. వేగం 0.75కి తగ్గించి, కింద అక్షరాలు (సబ్‌టైటిల్స్) పెట్టుకుని చూసేదాన్ని. యంత్రం రాసే అక్షరాలు సరిగ్గా సాంకేతిక పదాల దగ్గరే తప్పుతాయి. కొన్ని సభల వాళ్ళు మనుషుల చేత రాయించి పెడతారు. అలా పెట్టిన వాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను, ఎందుకంటే నాలాంటి వాళ్ళు అక్కడికి రాలేరు. టికెట్టు, వీసా, విమానం, సెలవు, ఇవన్నీ దాటితే గానీ దొరకని మాటలు 2016లో జియో వచ్చాక మా ఇంటి వరండాలో దొరుకుతున్నాయి. అంతకుముందు నెట్ సెంటర్‌లో గంటకింత అని లెక్కపెట్టుకుని కూర్చుంటే వీడియో చూడాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

భోజనం అయ్యాక ఓనర్ గారు వచ్చి, "ఏమ్మా, మన పేజీ ఎంతవరకు వచ్చింది?" అన్నారు. శ్రావణం లోపల కార్డు మోడళ్ళు ఫోన్లోనే చూసుకునేలా ఒక పేజీ కావాలని ఆయన కోరిక. షాపుకి వచ్చి ఆల్బమ్ తిరగేసే ఓపిక ఇప్పుడు జనానికి లేదంటారు. నిజమే.

ఆ పేజీకి నాకు దారి చూపించింది వెబ్ పేజీల అమరిక గురించి ప్రసంగించే జెన్ సిమన్స్. ప్రింటు నుంచి వచ్చినవాళ్ళకి ఆవిడ మాటలు నేరుగా తగులుతాయి. పాత పత్రికల పేజీలు, పోస్టర్లు తెరమీద వేసి, కాగితం మీద ఇన్ని రకాల అమరికలు ఉంటే వెబ్‌లో అన్నీ ఒకే మూసలో ఎందుకున్నాయి, పైన ఒక పట్టీ, పక్కన ఒక కాలమ్, అంతేనా అని అడుగుతుంది. దానికి కారణం డిజైనర్ల ఊహ చిన్నదవడం కాదు. చేతిలో అమరిక కోసం తయారైన పనిముట్లు లేవు. బొమ్మ పక్కన అక్షరాలు పారించడానికి పెట్టిన ఫ్లోట్‌తోనే ఏళ్ళ తరబడి పేజీలు మొత్తం కట్టారు. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52, క్రోమ్ 57, సఫారీ 10.1, ఈ మూడు బ్రౌజర్లలోనూ ఒకే నెలలో సీఎస్ఎస్ గ్రిడ్, అంటే పేజీని అడ్డంగా నిలువుగా గళ్ళుగా అమర్చే పద్ధతి, వచ్చింది. ఆ చుట్టుపక్కల ఏళ్ళలో ఆవిడ ఇచ్చిన ప్రసంగాల్లో ఆ ఉత్సాహం ఇప్పటికీ వేడిగా ఉంది.

మా పనిలో ముందు కాగితం సైజు, తర్వాతే మిగతావి. ఏ4 అంటే ఏ4. కార్డు అంటే దాని కొలత దానిది. వెబ్‌లో ఆ కాగితమే లేదు. డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టింది, తెరని బట్టి పేజీ సర్దుకోవాలన్న ఈ సంగతికే. జెన్ సిమన్స్ 2018లో ఇంకో అడుగు వేసింది: తెర వెడల్పు ఒక్కటే కాదు, లోపల ఉన్న విషయానికి కూడా తన చోటు తాను అడిగే హక్కు ఇవ్వాలంటుంది. గ్రిడ్‌లో ఆటో-ఫిల్, మిన్‌మ్యాక్స్ కలిపి ఒక్క వరస రాస్తే, కార్డు బొమ్మలు చిన్న ఫోన్లో ఒకటి కింద ఒకటి, పెద్ద తెర మీద నాలుగైదు పక్కపక్కన వాటంతట అవే సర్దుకుంటాయి. ఎన్ని కాలమ్‌లో నేను చెప్పనక్కర్లేదు. ఎంతకంటే ఇరుకు కాకూడదో చెప్తే చాలు. కొలతలన్నీ నా చేతిలోనే ఉండాలనుకునే అలవాటు నాది. దాన్ని వదులుకోవడానికి ఏ పాఠం కంటే ఆవిడ గొంతులోని ధైర్యమే ఎక్కువ పనిచేసింది.

అయితే ఈ ప్రసంగాల్లో వాళ్ళు చెప్పే అంకెలు మనకి నేరుగా పనికిరావు. ఇది గట్టిగా రాసిపెట్టుకోవాలి. పెద్ద శీర్షికలకి లైన్ హైట్ (వరస ఎత్తు, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.1 చాలంటారు. లీడింగ్, అంటే వరసల మధ్య ఖాళీ, ఎక్కువైతే వరసలు విడిపోయినట్టు కనిపిస్తాయన్నది కారణం, ఇంగ్లీషుకి న్యాయమైనదే. కానీ "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని రెండు వరసల్లో వస్తే, పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. డబ్బా దాటిన భాగం కనపడకూడదని ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి ఉంటే వత్తుల అడుగు కోసుకుపోతుంది కూడా. మన అక్షరం నిలువుగా పెరుగుతుంది, దానికి కిందా పైనా చోటు కావాలి. నేను తెలుగు శీర్షికలకి 1.6 పెట్టాను. పేజీలో తెలుగు భాగానికి భాష గుర్తు ఇస్తే, ఆ భాషకి మాత్రమే వర్తించే నియమం సీఎస్ఎస్‌లో రాయొచ్చు. ఇంగ్లీషు ఫోన్ నంబర్ల వరస ఎప్పటిలాగే ఉంటుంది. ప్రసంగం నుంచి తీసుకోవలసింది 1.1 కాదు, వరసకీ వరసకీ మధ్య ఖాళీ ఎందుకన్న ఆలోచన.

బంగారు రంగు సంగతీ అంతే. కార్డు మీద మీగడ రంగు కాగితంపై బంగారు ఫాయిల్ వేస్తే అందం. వెలుతురు పడి మెరుస్తుంది కాబట్టి చదవగలుగుతాం. తెరమీద ఆ మెరుపు ఉండదు, పసుపు మీద పసుపే మిగులుతుంది. మామూలు సైజు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య కనీసం 4.5కి 1 వెలుగు తేడా ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ అందేలా పెట్టిన మార్గదర్శకాలు) నియమం. మీగడ మీద బంగారం దాని దరిదాపుల్లోకి కూడా రాదు. యాక్సెసిబిలిటీ ప్రసంగాలు వినడం మొదలుపెట్టాకే నేను ఫోన్ పట్టుకుని ఎండలోకి వెళ్ళి చూడటం నేర్చుకున్నాను. శుభలేఖ ఎంచుకునేది చాలాసార్లు ఇంట్లో పెద్దవాళ్ళు, వాళ్ళ కళ్ళకి అందాలి కదా. అందుకని పేజీలో అక్షరాలు ముదురు మెరూన్ చేశాను. బంగారాన్ని అంచు గీతలకి ఉంచాను. ఓనర్ గారు కాసేపు చూసి, "బానే ఉంది, గంభీరంగా ఉంది" అన్నారు.

ఇక మా దగ్గరున్న మ్యాటరంతా అనూ ఫాంట్లలో ఉంది. తెరమీద తెలుగులా కనిపించినా లోపల దాచేది వేరే గుర్తులు, కాబట్టి అలాగే వెబ్‌లోకి తెస్తే చెత్త అక్షరాలు వస్తాయి. ఎక్కడైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌కి మార్చి, మారినదాన్ని మళ్ళీ ప్రూఫ్ చూడాలి. దీని గురించి ఏ పెద్ద సభలోనూ నాకు ప్రసంగం కనపడలేదు. మన ఊళ్ళలోని డిటిపి వాళ్ళలో ఎవరో ఒకరు చెప్పాలి. నిజంగా చెప్పాలి, వేల పెళ్ళిళ్ళ పేర్లు, ఎన్నో చిన్న పత్రికల పాత సంచికలు ఆ గుర్తుల్లోనే ఇరుక్కుపోయి ఉన్నాయి.

సాయంత్రం తమ్ముడు కాలేజీ నుంచి వచ్చాడు. వాడు వీడియోలన్నీ రెట్టింపు వేగంతో చూస్తాడు. "అక్కా, 2014 వీడియో ఇప్పుడెందుకు? అన్నీ మారిపోయాయి" అన్నాడు. సగం నిజం. ఫలానా ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్‌లో ఏముందో చెప్పే ప్రసంగాలు ఏడాది తిరిగేసరికి పాతబడతాయి, వాటిని నేనూ వదిలేస్తాను. ఒక పని ఇలాగే ఎందుకు జరుగుతోందో చెప్పేవి పాతబడవు. వాడితో వాదించకుండా బ్రెట్ విక్టర్ 2012లో మాంట్రియల్‌లో ఇచ్చిన ప్రసంగం పెట్టాను. ఒక చెట్టు బొమ్మ గీసే కోడ్ ఉంటుంది. అందులో అంకె జరిపితే పక్కనే చెట్టు మారుతుంది, రాసి, నడిపి, చూసే ఆలస్యమే లేదు. తర్వాత ఒక చిన్న ఆటలో బొమ్మ ఎటు దూకబోతోందో దారి మొత్తం ముందే గీసి చూపిస్తాడు. తయారుచేసేవాడికి, తయారవుతున్నదానికి మధ్య అడ్డు ఉండకూడదన్నది ఆయన నమ్మకం. తమ్ముడు వేగం తగ్గించమన్నాడు. తర్వాత ఆ ఎడిటర్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. అది అమ్మడానికి చేసింది కాదు, చూపించడానికి చేసింది అని చెప్పాను. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రాసిన జాన్ రెసిగ్ ఈ ప్రసంగం స్ఫూర్తితోనే అదే ఏడాది ఖాన్ అకాడమీలో పిల్లలు కోడ్ నేర్చుకునే చోటు కట్టాడు, వాడికి దాని లింక్ ఇచ్చాను.

తర్వాత చూడాలనుకుంటున్నది ర్యాన్ డాల్. 2009లో బెర్లిన్‌లో జెఎస్‌కాన్ఫ్ ఈయూలో బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ జెఎస్‌ని పరిచయం చేసింది ఆయనే. 2018లో అదే సభలో నిలబడి, నోడ్ విషయంలో తను చింతిస్తున్న సంగతులు వరసగా చెప్పాడు: ప్రామిస్‌లని మొదట్లోనే తీసేయడం, ఇతరుల కోడ్ దాచే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్, ఇలా. చివర్లో డీనో అనే కొత్త ప్రయత్నాన్ని చూపించాడు. ఈ రెండోది ఇదివరకే చూశాను, మొదటిది చూడలేదు. ఆయన ఆ నిర్ణయాలు తీసుకుంటున్నప్పుడు ఎంత నమ్మకంగా ఉన్నాడో తెలియకుండా పశ్చాత్తాపం ఒక్కటే వింటే సగమే అర్థమవుతుంది. అందుకని ఆదివారం ముందు 2009ది, తర్వాత 2018ది. తమ్ముడు కూడా కూర్చుంటానన్నాడు, మామూలు వేగంతోనే.