కరెంటు పెట్టడం అయిపోయాక

మా వైపు రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన ఏడాదికి నా కాలేయంలో రెండు గడ్డలు కనిపించాయి. ఐదు సిట్టింగులు కరెంటు పెట్టారు. ఊపిరితో పాటు కాలేయమూ కదులుతుందట, అందుకని "గాలి పీల్చి బిగబట్టండి మాస్టారూ" అనేవాళ్లు. నొప్పి లేదు, వాంతులు లేవు. ఇంతేనా అనుకున్నాను.

రెండు నెలలకి లుంగీ ముడి నిలవడం మానేసింది. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, పది రోజుల్లో బరువు మాత్రం ఆరు కిలోలు పెరిగింది. మొదట చూపించుకున్న చోట గ్యాస్ మాత్రలిచ్చి పంపారు. మా ఆవిడ మేనమామ కామెర్లేనని తేల్చి నేల ఉసిరి పసరు పట్టుకొచ్చాడు. అద్దంలో చూసుకుంటే నా కళ్లు తెల్లగానే ఉన్నాయి. ఆయన నొచ్చుకున్నా సరే, తాగలేదు.

కరెంటు పెట్టిన డాక్టరుగారు పరీక్షలు చేయించారు. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ మామూలే, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ మాత్రం మూడింతలు. కడుపు ఉబ్బింది నీరు చేరడం వల్లేనట; తీసి చూస్తే ఆ నీటిలో క్యాన్సర్ కణాలు లేవు. అరుదే గానీ, ఇది రేడియేషన్ దెబ్బే అన్నారు.

"ఎప్పుడో ఆపేసిన కరెంటు ఇప్పుడెలా కొడుతుందండీ?" అన్నాను.

ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ పూట కూర్చుని విన్నాను. కిరణాలకి కాలేయంలోని సన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. రక్తం బయటికి పోయే దారులు మూసుకుపోతాయి, ఆ ఒత్తిడికి కడుపులోకి నీరు ఊరుతుంది. దెబ్బతిన్న చోట టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ పెరుగుతుంది. అది కణం నుంచి కణానికి వెళ్లే కబురు. విటమిన్ ఏ దాచుకుని బుద్ధిగా ఉండే స్టెల్లేట్ కణాలు ఆ కబురందితే నారలు పేనడం మొదలెడతాయి. కాలేయం గట్టిపడేది అలాగే.

"ఆ కబురు ఆపే మందు లేదా?"

"ఎలుకల్లో ఆపి చూశారు, గట్టిపడటం తగ్గింది. కానీ గాయం మానడానికీ ఆ కబురే కావాలి మాస్టారూ."

అందుకని నాకు దక్కింది పాత వైద్యమే. నీరు తీయడం, మూత్రం పోయే మాత్రలు, ఉప్పు తగ్గింపు. ఆవకాయ జాడీ ఎదురుగా పెట్టుకుని చప్పిడి పప్పు తినడం కీమో కన్నా కష్టమంటే నవ్వుతారు గానీ, నాకు అంతే.

ఐదో నెలకి నీరు ఊరడం ఆగింది, ఫాస్ఫటేజ్ దిగింది. ఇప్పటికీ పొద్దున్నే కాటా ఎక్కుతాను. మా ఆవిడ అంకె క్యాలెండర్ మీద రాస్తుంది, పాలవాడి లెక్క పక్కనే.