గులకరాళ్ల ఒడ్డున జోన్ క్రాస్ కోసం

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కి, ఇప్స్‌విచ్‌లో మారి, సాక్స్‌మండంలో దిగాను. అక్కడి నుంచి సముద్రపు ఒడ్డునున్న ఆల్డ్‌బరా ఊరికి బస్సే గతి. ఊళ్లోకి వెళ్లే రైలును 1966లోనే ఎత్తేశారు.

బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ ఏం పని మీద వచ్చావని అడిగారు. జోన్ క్రాస్ అన్నాను. కాసేపు తడుముకున్నారు. బ్రిటన్ అనగానే ముఖం విప్పారింది. బ్రిటన్ అంటే దేశం కాదు, బెంజమిన్ బ్రిటన్ అనే సంగీతకర్త. ఈ ఊరు ఆయనది. ఆయన రాసిన అయిదు ఒపేరాల్లో, అంటే పాటలతోనే నడిచే నాటకాల్లో, కొత్త పాత్రలకు మొదట గొంతునిచ్చిన గాయని జోన్ క్రాస్ 1993లో కన్నుమూసింది కూడా ఇక్కడే. ఆమె పేరు మాత్రం రోజంతా తిరిగినా ఏ గోడ మీదా నా కంటపడలేదు.

ముందురోజు లండన్‌లో సాడ్లర్స్ వెల్స్ నాటకశాల చూశాను. ఇప్పుడున్నది 1998లో కట్టిన అద్దాల భవనం. పాత భవనంలో ఆమె 1931 నుంచీ ప్రధాన గాయని. 1940లో బాంబులకు ఇళ్లు పోయినవాళ్లకు ఆ నాటకశాలే ఆశ్రయమైతే, ఒపేరా బృందం మూటాముల్లె సర్దుకుని ఊరూరా తిరిగింది. 1943 నుంచి ఆ సంస్థను నడిపే బరువు కూడా ఆమె మీదే పడింది. యుద్ధం ముగిసి తిరిగి తెరిచే రోజుకు, 1945 జూన్ 7న, బ్రిటన్ రాసిన ‘పీటర్ గ్రైమ్స్’ అనే కొత్త ఒపేరాను ఎంచుకున్నారు. ఆ సంగీతం మాకొద్దని సొంత బృందంలోనే కొందరు ఎదురుతిరిగారు. ఆమె వినలేదు. ఎలెన్ ఆర్ఫర్డ్ అనే బడిపంతులమ్మ వేషం తానే కట్టారు.

ఆల్డ్‌బరా ఒడ్డున ఇసుక లేదు, అన్నీ గులకరాళ్లే. చెప్పు వేసిన ప్రతిసారీ పాదం జారుతుంది. అల వెనక్కి తగ్గేటప్పుడు రాళ్లన్నీ కలిసి దొర్లుతూ, ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు చేస్తాయి. ‘పీటర్ గ్రైమ్స్’ రెండో అంకంలో ఎలెన్ ఇలాంటి ఒడ్డునే కూర్చుంటుంది. ఆదివారం ఉదయం. చర్చిలోంచి ప్రార్థన వినిపిస్తుంటుంది. పక్కనున్న, జాలరి గ్రైమ్స్ దగ్గర పనిచేసే కుర్రాడి కోటు చిరుగు చూసి, ఆపైన మెడ మీద కమిలిన మచ్చ చూస్తుంది. వెనక్కి తిరిగితే గట్టు మీద నిజమైన చర్చి కనబడింది. బ్రిటన్ సమాధి ఆ ఆవరణలోనే ఉంది.

ఇదంతా మైకు లేకుండా, వాద్యబృందం హోరు దాటి చివరి వరసకు చేరేలా పాడాలి. మన పద్యనాటకాల్లో రాగం లాగి ‘వన్స్ మోర్’ కొట్టించుకున్న వాళ్లకు ఈ కష్టం తెలుసు. కాకపోతే ఇక్కడ రెండోసారి పాడే వీలు చాలా అరుదు.

ఒడ్డున గుడిసెలో చేపలమ్ముతున్నారు. నేను బంగాళదుంప వేపుడు పొట్లం కొనుక్కున్నాను. మూడు ముక్కలు తిన్నానో లేదో, సీగల్ పక్షి ఒకటి వచ్చి నాలుగోది వేళ్ల మధ్యలోంచే ఎత్తుకుపోయింది. పక్కవాళ్లెవరూ తలెత్తి చూడలేదు.

నన్ను కదిలించింది 1953 నాటి ఘట్టం. పట్టాభిషేకమైన ఆరు రోజులకు, కొత్త రాణి ఎలిజబెత్ ఎదుట బ్రిటన్ ఒపేరా ‘గ్లోరియానా’ ఆడారు. పదహారో శతాబ్దపు మొదటి ఎలిజబెత్ రాణిగా జోన్ క్రాస్. ప్రియుడు చెప్పాపెట్టకుండా గదిలోకి దూసుకొచ్చేసరికి, రాణి విగ్గు లేకుండా, ముసలితనమంతా బయటపడి దొరికిపోతుంది. పట్టుబట్టలు కట్టుకొచ్చిన అతిథులకు అది రుచించలేదు. యాభై దాటిన గాయని ఆ వేషానికి ఒప్పుకోవడమే నాకు పెద్ద విషయంగా తోచింది.

అప్పటికే ఆమె గురువు కూడా. 1948లో ఆన్ వుడ్ అనే గాయనితో కలిసి ఒపేరా పాఠశాల పెట్టారు. గొంతు ఒక్కటే ఉంటే చాలదు, వేదిక మీద నిలబడటం, నడవటం కూడా రావాలి. పదిహేనేళ్ల తర్వాత లండన్ ఒపేరా సెంటర్ ఆ బడి స్థానంలోకి వచ్చింది.

సాయంత్రం ఒడ్డున శిల్పి మ్యాగీ హాంబ్లింగ్ చేసిన ఉక్కు ఆల్చిప్ప దగ్గర కూర్చుని ఫోనులో బ్రిటన్ ఒపేరా ‘టర్న్ ఆఫ్ ద స్క్రూ’ 1955 నాటి రికార్డు పెట్టాను. అందులో ఆమె మిసెస్ గ్రోస్ అనే ఇంటిపనుల పెద్ద. గాలికి సగం మాటలు కొట్టుకుపోయాయి. ఇయర్‌ఫోన్ చెవిలోకి నొక్కిపెట్టుకుని ఆమె వంతు వచ్చిన చోటల్లా వెనక్కి తిప్పి విన్నాను. అలా తిప్పుతూ ఉండగానే ఆఖరి బస్సుకు ముందు బస్సు వెళ్లిపోయింది.