యాక్సిల్ బూటు మార్చిన ఆదివారం

పోయిన వారం కారు కడుగుతుంటే ఎడమ ముందు చక్రం లోపలివైపు రిమ్ము నిండా నల్లటి జిడ్డు కనిపించింది. బ్రేక్ ఆయిలేమోనని గుండె గుభేలుమంది. వేలితో తీసి చూస్తే చిక్కటి గ్రీజు. చక్రం వెనక టార్చి వేసి చూశాను. యాక్సిల్ అంటే ఇంజను ఊపుని చక్రానికి అందించే కడ్డీ, దాని జాయింటు మీద గ్రీజు నింపిన రబ్బరు తొడుగే బూటు. ఆ బూటు మడత దగ్గర చిరిగి, తిరిగే ఊపుకి లోపలి గ్రీజంతా విసిరేస్తోంది.

షెడ్డులో చూపిస్తే, "యాక్సిల్ మొత్తం మార్చేద్దాం సార్, గొడవొదిలిపోద్ది" అన్నారు. నాకు మనసొప్పలేదు. కళ్ళం దగ్గర ఖాళీ జాగాలో స్టీరింగు చివరంటా తిప్పి, మెల్లగా గుండ్రంగా నడిపాను. టకటకమని చప్పుడొస్తే జాయింటు పోయినట్టే. రాలేదు. లోపల ఉక్కు బాగున్నప్పుడు పైన రబ్బరు కోసం యాక్సిల్ మార్చడం దండగ. రావులపాలెం వెళ్లి బూటు, క్లిప్పులు, గ్రీజు పొట్లం, యాక్సిల్ కొసని చక్రం మధ్యలోని హబ్బుకి పట్టి ఉంచే కొత్త హబ్ నట్టు తెచ్చుకున్నాను. ఏమీ విప్పకుండా పైనుంచి చుట్టి అతికించే రకం బూటు కూడా ఉందన్నాడు షాపాయన. కాలువ గట్టు రోడ్లలో గోతుల నీళ్లు, కోతల రోజుల్లో దుమ్ము, ధాన్యం ఆరబోతలు, వాటి మీదుగా పోతే రేగే నూగు. వీటన్నిటికీ ఆ అతుకు ఆగుతుందని నేననుకోను.

ఇవాళ పొద్దున్నే మేనల్లుణ్ణి పిలిచి పని మొదలెట్టాను. మా వాకిలి ఒండ్రు నేల. వానలు తెరిపిచ్చి చాన్నాళ్లయినా కింద ఇంకా మెత్తగానే ఉంది. ఇలాంటి చోట జాకీ పెడితే కారు లేవదు, జాకీయే దిగుతుంది. అడుగున మందపాటి తాటి పలక వేశాను. స్టాండు పెట్టి, ఊడదీసిన చక్రాన్ని కూడా కారు కిందకే తోశాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరే ధైర్యం నాకు లేదు.

అంతకుముందే, చక్రం నేల మీద ఉండగానే హబ్ నట్టు వదులు చేశాం. దాని అంచు గాడిలోకి కొట్టి ఉంటుంది. ఉలితో దాన్ని పైకి లేపి, ట్రాక్టర్ షెడ్డు నుంచి అరువు తెచ్చిన పెద్ద సాకెట్టు బిగించి, పానాకి పాత మోటారు పైపు తొడిగాను. మావాడు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. కిర్రుమంటూ కదిలింది. హబ్బుని కింద పట్టి ఉంచే బాల్ జాయింటు బోల్టు తీశాక హబ్బు పక్కకి జరిగి యాక్సిల్ కొస బయటికొచ్చింది. గేర్‌బాక్సు వైపు కొసని కదపలేదు, అది ఊడితే ఆయిల్ కారుతుంది. కొన్ని కార్లకి చక్రం వైపు జాయింటు అసలు ఊడదు, అవతలి వైపు నుంచి బూటు ఎక్కించుకు రావాల్సిందే. నా అదృష్టం, దీనిది సుత్తితో నాలుగు దెబ్బలకి వచ్చేసింది.

కిరోసిన్‌లో కడిగాక చూడాలి దాని అందం! ఆరు ఉక్కు గుండ్లు, ఒక్కోదానికి వంపు తిరిగిన గాడి. గాడుల్లో ఎక్కడా గుంట లేదు, గీత లేదు. మా నాన్నగారి అంబాసిడర్‌కి ఈ గొడవే లేదు. దాంట్లో లాగేవి వెనక చక్రాలు, వంకర తిరిగేవి ముందు చక్రాలు. 1983లో మారుతి 800 వచ్చాక రెండు పనులూ ముందు చక్రాల మీదే పడ్డాయి. మామూలు క్రాస్, అంటే అడ్డంగా నిలువుగా రెండు పిన్నులున్న పాతరకం జాయింటు, వంగిన కొద్దీ ప్రతి చుట్టులోనూ వేగం హెచ్చుతగ్గులవుతుంది. ఈ గుండ్ల జాయింటు ఎంత వంగినా ఒకే వేగంతో తిప్పుతుంది. 1920ల్లోనే కనిపెట్టినా, 1959లో మినీ కారుతోనే జనంలోకి బాగా వచ్చింది.

బాబాయి కొబ్బరితోటకి పోతూ ఆగి, "ఏరా, రబ్బరు తొక్కకి ఇంత ఆర్భాటమా?" అన్నాడు.

"తొక్క పోతే అరటిపండు ఎంతసేపుంటుంది బాబాయ్?" అన్నాను. నవ్వుకుంటూ పోయాడు.

గ్రీజు మాలిబ్డినం కలిపిన నల్లటిది. మామూలు చక్రాల గ్రీజు ఇక్కడ పనికిరాదు. బొటనవేలితో కుక్కుతూ పోతే గుండ్ల సందుల్లోంచి అవతలికి పొంగాలి. మిగిలిందే బూటులోకి. బూటు ఎక్కించి, జాయింటు జారిపోకుండా పట్టే కొత్త లాకు రింగు వేసి, జాయింటు టక్కుమని కూర్చునేదాకా కొట్టాను. చిన్న క్లిప్పు బిగించే ముందు సన్నటి స్క్రూడ్రైవరు దూర్చి లోపల చిక్కిన గాలి వదిలేశాను. లేకపోతే బూటు బుడగలా ఉబ్బి మడతలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. హబ్ నట్టు మటుకు టార్క్ పానాతో, మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారమే బిగించి, అంచు గాడిలోకి కొట్టాను. అక్కడ చేతి అంచనా పనికిరాదు.

భోజనాలయ్యాక వంతెన దాకా వెళ్లి, అక్కడి ఇరుకు మలుపులో స్టీరింగు రెండు పక్కలా చివరంటా తిప్పి చూశాం. ఏ చప్పుడూ లేదు. ఇంటికొచ్చి వంగి చూస్తే క్లిప్పుల దగ్గర జిడ్డు చెమ్మ కూడా లేదు. కుడివైపు బూటుకి మాత్రం మడతల్లో సన్నటి పగుళ్లు మొదలయ్యాయి. సంక్రాంతికి చుట్టాలొచ్చేలోపు అదీ మార్చాలి.

"అది నేను విప్పుతా మావయ్యా, నువ్వు బ్రేకు తొక్కు" అన్నాడు మావాడు. సరేనన్నాను.