గోంగూరకు మూడు ట్యాగులా?

ఇవాళ ఓ వంటల సైటు సైట్‌మ్యాప్ (సెర్చ్ ఇంజిన్ల కోసం సైటులోని పేజీల చిరునామాలు రాసిపెట్టే ఫైలు) తెరిస్తే వంటకాల కన్నా ట్యాగ్ పేజీలే (ఒకే ట్యాగ్ తగిలించిన పోస్టుల జాబితాలే) ఎక్కువ. ‘గోంగూర’, ‘గోంగూర పచ్చడి’, ‘గోంగూర పచ్చళ్ళు’... మూడింట్లోనూ అదే ఒక్క పోస్టు!

‘పచ్చళ్ళు’ అని ఒక్క కేటగిరీ ఉంచి, ఈ మూడింటినీ దానికి 301 రీడైరెక్ట్ చేస్తే (పాత చిరునామాకు వచ్చినవాళ్ళను శాశ్వతంగా అటు మళ్ళిస్తే) సరి. తీసెయ్యలేని ట్యాగులకు నోఇండెక్స్ (సెర్చ్ ఫలితాల్లో చూపొద్దనే సూచన) పెట్టి, సైట్‌మ్యాప్‌లోంచి తప్పించాలి. కొందరు అతి జాగ్రత్తకు పోయి వాటినే రోబోట్స్ ఫైల్లోనూ (ఏ పేజీలు తెరవకూడదో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ఫైలు) ఆపేస్తారు. అప్పుడు గూగుల్ ఆ పేజీ తెరవనే తెరవదు, ఇక నోఇండెక్స్ ఎలా కనబడుతుంది?

ఆ సైట్‌మ్యాప్‌లో పేజీలన్నిటికీ ప్రయారిటీ (ప్రాధాన్యం) 1.0, అంటే గరిష్ఠం అట! గూగుల్ దాన్ని పట్టించుకోదు. లాస్ట్‌మాడ్ (పేజీని చివరిసారి మార్చిన) తేదీ చూస్తుంది, అదీ నిజమైతేనే.

ఒక్క సైట్‌మ్యాప్ ఫైల్లో 50,000 యూఆర్ఎల్‌లు పడతాయి నిజమే. అయినా పోస్టులకొకటి, కేటగిరీలకొకటి విడగొడితే ఏవి ఇండెక్స్ కాలేదో (గూగుల్ జాబితాకెక్కలేదో) గూగుల్ వారి సెర్చ్ కన్సోల్‌లో ఇట్టే దొరుకుతుంది.