మా నాన్న “తప్పేనండి” అంటే సగం డబ్బు కోసేయమన్నారు

పోయిన వారం మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో మా నాన్న నష్టపరిహారం కేసు తీర్పు వచ్చింది. డబ్బు ఇంకా చేతికి రాలేదు. కానీ నాన్న తప్పు కూడా ఉందంటూ ఒక్క రూపాయి కోయలేదు. మాకు అదే పెద్ద ఊరట. ఇలాంటి కేసుల్లో తిరుగుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నాన్న తాపీ మేస్త్రి, వయసు 52. సాయంత్రం పని ముగించుకుని, తనతో పనిచేసే ఇద్దరిని బండి మీద ఎక్కించుకుని నరసరావుపేట రోడ్డులో వస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది. ఆ ఇద్దరూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు. నాన్న కుడికాలు మోకాలి కింద విరిగింది. రాడ్డు వేశారు. ఇప్పుడు నడుస్తారు కానీ పరంజా ఎక్కలేరు. మేస్త్రికి అది ఎక్కలేకపోతే పని లేనట్టే.

ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, గాయాల సర్టిఫికెట్, వైకల్యం సర్టిఫికెట్ పెద్దగా కష్టపడకుండానే వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. మేం ఆ లోపే వేశాం. ఆసుపత్రి వార్డులోకే వచ్చి “కేసు మేం చూసుకుంటాం, వచ్చిన దాంట్లో ఇంత శాతం ఇవ్వండి, ఇక్కడ సంతకం పెట్టండి” అనే మనుషులుంటారు. వాళ్లను గుమ్మం దాటనివ్వకండి. మంచం మీద మూలుగుతున్న మనిషి దగ్గర ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగేవాళ్లకు సిగ్గుండాలి. లాయరు కూడా వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది. ఫీజు ముందే తేల్చుకోండి.

అసలు కష్టం క్రాస్ ఎగ్జామినేషన్ రోజున మొదలైంది.

నాన్న చేతికర్ర పట్టుకుని బోనులో నిలబడ్డారు. కుర్చీ వేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నేనే అడిగి వేయించాను. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు లాయరు వయసులో నాన్న కన్నా చాలా చిన్నవాడు. మొదటి ప్రశ్న నుంచే ‘నువ్వు’ అన్నాడు.

“మేస్త్రీ, బండి మీద ముగ్గురున్నారు కదా?”

“అవునండి.”

“ముగ్గురు ఎక్కకూడదని నీకు తెలుసు కదా?”

“తెలుసండి.”

“తెలిసీ ఎక్కించుకున్నావంటే నీ నిర్లక్ష్యం ఉన్నట్టే కదా?”

“తప్పేనండి. ఆ టైముకి బస్సు లేదు, వాళ్లు పొద్దుటి నుంచి సిమెంటు మోసి ఉన్నారు.”

నాన్న అబద్ధం ఆడలేరు. ఒకరితో మాట అనిపించుకోవడం కన్నా తానే తల వంచడం ఆయనకు అలవాటు. ఆయన “తప్పేనండి” అన్నారు. వాంగ్మూలంలో ఇంగ్లీషులో ‘ఐ వాజ్ నెగ్లిజెంట్’ అని పడింది. బస్సు లేదన్న మాట రాయలేదు. సిమెంటు సంగతి అంతకన్నా లేదు. వెనక బెంచీలో కేసుల కోసం కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు. బయటికొచ్చాక నాన్న నాతో కాసేపు మాట్లాడలేదు. “నా నోటితో నేనే పాడుచేశానా అమ్మా?” అని అడిగారు. ఆ మాట విన్నప్పటి కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మన ఇళ్లలో నిర్లక్ష్యం అనే మాట దేనికైనా వాడతాం. గ్యాస్ కట్టేయకపోయినా, ముగ్గురు బండెక్కినా, పిల్లాడు చదవకపోయినా నిర్లక్ష్యమే. మా బాబాయి కూడా “ముగ్గురెక్కడం నిర్లక్ష్యం కాక మరేంటి?” అన్నాడు. కోర్టు లెక్క అది కాదు. ఒకరి పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉందా, అది తప్పారా, ఆ తప్పడం వల్లే ఈ నష్టం జరిగిందా అని చూస్తారు. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా నిలబడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 128 ప్రకారం ద్విచక్ర వాహనం మీద నడిపేవాడు కాక ఒక్కరే కూర్చోవాలి. అది ఉల్లంఘించారు, నిజమే. దానికి పోలీసులు జరిమానా వేయొచ్చు. కానీ వెనక నుంచి కారు వచ్చి గుద్దడానికి బండి మీద ఎంతమంది ఉన్నారన్నది కారణం ఎలా అవుతుంది?

ఇన్సూరెన్స్ వాళ్ల వాదన మాత్రం ‘కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్’ అనే. ప్రమాదంలో నాన్నకూ సగం పాలుంది, సగం తగ్గించండి అని మా పిటిషన్‌కు ఇచ్చిన జవాబులో (కౌంటరులో) ముందే రాశారు. ఇప్పుడు నాన్న మాటే వాళ్లకు సాక్ష్యమైంది.

మా లాయరు గారు “ఏం కాదమ్మా, చూద్దాం” అన్నారు. ఆ ‘చూద్దాం’ నాకు సరిపోలేదు. ఇంటికొచ్చి రాత్రిళ్లు సుప్రీంకోర్టు తీర్పులు వెతికాను. నేను చదివింది బీకాం. అయినా దొరికింది. 2020లో వచ్చిన మహమ్మద్ సిద్దిఖీ కేసు. అందులోనూ బండి మీద ముగ్గురే, గుద్దింది వెనక నుంచి వచ్చిన కారే. ముగ్గురున్నారని ఢిల్లీ హైకోర్టు 10 శాతం కోస్తే సుప్రీంకోర్టు ఆ కోత కొట్టేసింది. ముగ్గురు ఎక్కడం ట్రాఫిక్ తప్పు కావచ్చు గానీ, దానివల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ ఎక్కువైందనో రుజువు కాకపోతే దాన్ని కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అనలేమని చెప్పింది. ప్రింటు తీసి లాయరు గారి చేతిలో పెట్టాను. ఆయన చదివి “ఇది చాలమ్మా” అన్నారు. మా కేసు నిలబెట్టిన కాగితం నేను తెచ్చిందే.

వాదనల రోజు ఇంకో మంచి పని జరిగింది. వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో బండి వెనక మడ్‌గార్డు నలిగిందని, కారు ముందు బంపరు దెబ్బతిందని ఉంది. కారు డ్రైవరు మీద ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ నడిపాడని ఛార్జిషీటు ఉంది. ఆ డ్రైవర్ని ఇన్సూరెన్స్ వాళ్లు సాక్షిగా పిలవనే లేదు. ఏం జరిగిందో చెప్పగల మనిషిని దాచిపెట్టి, దెబ్బ తిన్న మనిషి మంచితనాన్ని పట్టుకుని వేలాడారు. తీర్పులో జడ్జిగారు ఈ మూడూ రాశారు. సాక్షి తనను తాను నిర్లక్ష్యంగా ఉన్నానన్నంత మాత్రాన అది నిజమైపోదు, జరిగిన సంగతులు చూడాలి అని కూడా రాశారు. ఆ వాక్యం నాన్నకు తెలుగులో చెప్పాను. మళ్లీ చెప్పమన్నారు.

లెక్క విషయంలో ఒక మాట. మేస్త్రికి జీతం చీటీ ఉండదు కాబట్టి ఆదాయాన్ని ట్రిబ్యునలే అంచనా వేస్తుంది. ఏడాదికి పోయే ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకెను గుణకం అంటారు. 51 నుంచి 55 ఏళ్ల వయసుకు అది 11 అని సుప్రీంకోర్టు 2009 నాటి సరళా వర్మ తీర్పు. సొంత పని చేసుకునేవాళ్లకు 50 నుంచి 60 ఏళ్ల మధ్య, ముందు ముందు పెరిగే సంపాదన కింద ఆదాయానికి 10 శాతం కలపాలని 2017 ప్రణయ్ సేథీ తీర్పు. వైకల్యం సర్టిఫికెట్‌లో ఉన్న శాతం ఒక్కటే చూడకండి, ఆ మనిషి చేసే పని ఎంత పోయిందో అడగండి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు గారిని సాక్ష్యానికి రప్పించడం విసుగు పని, కానీ వదలొద్దు.

బోనులోకి వెళ్లేవాళ్లకు ముందే చెప్పండి: ‘తప్పేనా’ అని అడిగితే ఏం జరిగిందో మాత్రమే చెప్పమనండి. ముగ్గురున్నాం, వెనక నుంచి గుద్దాడు, అంతే. ఇంగ్లీషులో రాసినది సంతకం పెట్టే ముందు తెలుగులో చదివి వినిపించమని అడగండి. అది అడిగే హక్కు మనకుంది. ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

కంపెనీ హైకోర్టుకు వెళ్లాలంటే 90 రోజుల గడువుంది. వెళ్తారేమో. సిద్దిఖీ తీర్పు ప్రింటు ఇంకో రెండు సెట్లు తీయించి ఉంచాను.