మూరెడు చేప

మా అమ్మ ఆరు నెలలుందామని అమెరికాలో డెన్వర్ వచ్చిన వేసవిలో, పదకొండేళ్ల మావాడికి ఆమెతో మాట్లాడటానికి రెండే మాటలుండేవి. "తిన్నావా నానమ్మా", "బాగున్నా నానమ్మా". నాలుగేళ్లు ఆదివారాలన్నీ తెలుగు బడికి తిప్పాను. గుణింతాలొచ్చాయి, మాట రాలేదు. నోరు తెరిచి వాడు మాట్లాడిన తెలుగు చాలావరకు చెర్రీ క్రీక్ గట్టు మీద వచ్చిందే. అది కూడా చేపల పుణ్యమా అని.

చెర్రీ క్రీక్ రిజర్వాయర్ అరోరాలో, మా ఇంటికి పావుగంట దూరం. వరదలు ఆపడానికి ఆర్మీ ఇంజనీర్లు కట్టిన మట్టికట్ట, 1950లో పూర్తయింది. నీళ్లు దాదాపు 850 ఎకరాలు. చుట్టూ ఊరే కాబట్టి జులైలో శనివారం వచ్చిందంటే జాతరే: జెట్ స్కీలు, తెరచాప పడవలు, ఒడ్డున గొడుగులు, కబాబుల పొగ. జనం మరీ ఎక్కువైతే పార్కు గేటు మూసేసి వెనక్కి పంపేస్తారు.

అక్కడ దొరికే చేపల్లో అందరూ ఎగబడేది వాలై. మొదటిసారి నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. శనివారం పదకొండింటికి పాంటూన్ పడవ అద్దెకు తీసుకుని, పులిహోర డబ్బా, అమ్మ, ఇద్దరు పిల్లలతో నడిమధ్యకు పోయాను. నాలుగు గంటలు. పక్కనుంచి జెట్ స్కీ పోయినప్పుడల్లా అమ్మ కడ్డీ పట్టుకుని ఆంజనేయ దండకం ఎత్తుకునేది. ఒక్క చేప కూడా ముట్టలేదు. పాలేరు చెరువు పక్క పుట్టి, వెదురు కర్రకు జీలుగు బెండు కట్టి బొచ్చెలు పట్టినవాణ్ణి నేను. ఆ సాయంత్రం మావాడు నా మీద నమ్మకం వదులుకుని, సొంతంగా చదవడం మొదలుపెట్టాడు.

వాడు తేల్చిందేమిటంటే, అసలు సంగతంతా ఆ చేప కంట్లోనే ఉంది. వాలై కంటి వెనక పిల్లికున్నట్టు వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. మసక చీకట్లో తనకు కనిపించినంత బాగా, తను తినబోయే చిన్న చేపకు కనిపించదు. అందుకే దాని వేటంతా తెల్లారేముందు, పొద్దుగుంకాక. ఎండెక్కితే లోతుకు దిగి నేలకు అంటుకుని ఉంటుంది. మేం పడవేసుకుని తిరిగింది సరిగ్గా అది ముడుచుకుని పడుకునే వేళలో.

అప్పట్నుంచి మా లెక్క మారింది. గేటు తెరిచే ఐదింటికల్లా అక్కడుండటం, కట్ట కింద పరిచిన రాళ్ల మీద నిలబడటం. పడవ అక్కర్లేదు. గాలి ఎటు కొడుతుందో చూసి, అలలు కొట్టుకునే ఒడ్డుకే పోవాలి. నేనైతే ఎప్పుడూ గాలి తగలని నిమ్మళమైన మూల వెతుక్కునేవాణ్ణి, అదే తప్పు. అల కలిసిన నీళ్లలో వెలుగు తగ్గుతుంది, చిన్న చేపలు కొట్టుకొచ్చి అక్కడే గుమిగూడతాయి. పొద్దెక్కాక పడవల రద్దీ వల్ల కూడా ఒక లాభముంది. వాటి అలలకు ఒడ్డు మట్టి కదిలి నీళ్లు ఎర్రబారతాయి. ఆ బురదనీరూ తేటనీరూ కలిసే గీత వెంబడి ఎర వేస్తే, మిట్టమధ్యాహ్నం కూడా ఒకటి అరా తగులుతుంది. ఇదీ మావాడి పరిశోధనే. నాకు లైసెన్సు కావాలి, పదహారేళ్ల లోపు కాబట్టి వాడికి అక్కర్లేదు. ఆ మాట వారానికోసారి గుర్తుచేస్తాడు.

అమ్మ మడత కుర్చీ వేసుకుని రాళ్ల పైన కూర్చునేది. ఎరకు వానపామును గుచ్చడం మావాడికి చేతకాలేదు, జారిపోయేది. "ఇటు తే" అని అమ్మ తీసుకుని గాలం ములుకు కనబడకుండా దండలా ఎక్కించి, చివర కాస్త తోక వదిలింది. "అది ఆడాలెరా. ఆడకుంటే చేప చూడదు." వాడు నోరు తెరుచుకుని చూశాడు. ఆరోజు నుంచి హుక్కు గాలమైంది, బాబర్ బెండైంది, వర్మ్ (వానపాము) ఎర్ర అయింది. మా తెలుగు బడి పుస్తకంలో ఈ మూడు మాటలూ లేవు.

కొర్రమీను గురించి కూడా చెప్పింది. ఎర్రగా గుంపు కట్టి తిరిగే దాని పిల్లల చుట్టూ తల్లీతండ్రీ కాపలా ఉంటాయని, చెయ్యి పెడితే మీదికొస్తాయని. వాడు వచ్చీరాని తెలుగులో తన చేప గురించి చెప్పాడు. వాలై ఎండాకాలం ముందు రాళ్ల మీద గుడ్లు పెట్టి వెళ్లిపోతుందని, ఏటా మార్చి, ఏప్రిల్లో రాష్ట్రం వాళ్లు ఇక్కడే వలలు వేసి గుడ్లు తీసి, పిల్లలు చేసి చెరువుల్లో వదులుతారని. అమ్మ ఆ చేప పేరు అడిగింది. వాలై అన్నాడు. "వాలుకన్నా? పిల్లల్ని రాళ్ల మీద వదిలి పోయేదానికి వాలుకన్నులు ఒకటా!" అప్పట్నుంచి మా ఇంట్లో అది వాలుకన్ను చేపే.

జులై మూడోవారం, ఇంకా సూర్యుడు రాలేదు. మావాడి బెండు మునగలేదు, పక్కకు ఒరిగి మెల్లగా నడిచింది. వాలై అంతే, లాగదు, నోట్లో పెట్టుకుని ఆలోచిస్తుంది. "ఆగు, ఆగు" అంది అమ్మ. వాడు ఆగి, దారం బిగిశాక ఎత్తాడు. బంగారపు పచ్చటి ఒళ్లు, తోక కింది కొసన సున్నం అద్దినట్టు తెల్ల మచ్చ, నా తలమీది లైటు పడగానే భగ్గుమన్న గాజుకన్ను. పళ్లు సూదులు, నోట్లో వేలు పెట్టకూడదు. అమ్మ అప్పుడే చింతపండు ఎంత నానబెట్టాలో లెక్కేస్తోంది.

మావాడు కొలబద్ద మీద పెట్టి, నోరు మూసి, తోక దగ్గరికి నొక్కి చూశాడు. పదిహేడున్నర. ఇక్కడ పద్దెనిమిది అంగుళాలు లేకపోతే వదిలేయాల్సిందే.

"పద్దెనిమిదంటే ఎంతరా?" అంది అమ్మ. మూరెడు అన్నాను. మోచెయ్యి నేలకానించి చేప పక్కన చెయ్యి చాపింది. చేప ఆమె నడివేలు దాటి ఇంకో బొటనవేలంత ముందుకుంది. "మూరెడు దాటింది గదరా! ఏసుకో బకెట్ల." మావాడు టేపు తీసి ఆమె చేతిని కొలిచాడు. పదహారున్నర.

"నానమ్మా, నీ మూర షార్ట్."

నవ్వాపుకోలేకపోయాను. బజార్లో మల్లెపూలమ్మేవాళ్లతో మూర చిన్నదని ముప్పై ఏళ్లు తగాదాపడిన మనిషి మా అమ్మ. "పట్టిన చేపను నీళ్లల్ల పారేస్తరా ఎవరన్న? ఎవరు చూస్తుండ్రు?" అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది, చుట్టూ ఎవరూ లేరు. వాడు నావైపు కూడా చూడలేదు. రెండు చేతులతో పట్టుకుని నీళ్లలో కాసేపు నిలబెట్టాడు. అది తోక ఝాడించి వెళ్లిపోయింది. ఇంటికొచ్చేదాకా అమ్మ వాడితో మాట్లాడలేదు. వెనక సీట్లో వాడు మాత్రం నాలుగుసార్లు "నానమ్మా, ఇంకోటి పడతా" అన్నాడు.

ఆగస్టులో పట్టాడు. ఇరవై అంగుళాలు. అమ్మ పులుసు పెట్టింది. కొర్రమీను ముక్కలా నిలబడలేదు, గరిటె తగలగానే పొరలు పొరలుగా విడిపోయింది. "గింత మెత్తటి చేపకు గన్ని రూల్సా" అంటూనే రెండోసారి వడ్డించుకుంది.

సెప్టెంబర్‌లో అమ్మ వెళ్లిపోయింది. మొన్న ఐస్ పెట్టె కడుగుతుంటే మూత మీద మార్కర్ గీతలు రెండు కనబడ్డాయి. ఒకదాని పక్కన ఇంగ్లిష్‌లో "లీగల్" అని, దానికి ఒకటిన్నర అంగుళం ముందున్న గీత దగ్గర వంకరటింకర తెలుగు అక్షరాల్లో "నానమ్మ" అని రాసుంది. మకారానికి వత్తు సరిగ్గా పెట్టలేదు. దిద్దుదామనుకుని ఊరుకున్నాను.