రొయ్యల గుంట కోసం ఓపెన్‌ఫోమ్ కట్టుకున్న మూడు రాత్రులు

అల్లూరు దగ్గర మా వెనామీ రకం రొయ్యల గుంట ఎకరం ఉంటుంది. నీళ్లలో గాలి కలిపే చక్రాల యంత్రాలు, ఏరియేటర్లు, నాలుగు. చక్రాలు నీళ్లను గుండ్రంగా తిప్పితే మిగిలిపోయిన మేత, రొయ్యల వ్యర్థం నడిమధ్యకి చేరాలి. అక్కడ చేరితే తీసేయడం తేలిక. మాకేమో తూర్పు మూలకి చేరుతోంది. మొన్న నాయన నీళ్లలో దిగి, ఆ మూల నుంచి పిడికెడు మడ్డి తీసి నా ముందు పెట్టాడు. నల్లగా కాటుకలా ఉంది, కుళ్లిన గుడ్డు వాసన. "వెనామీ అడుగునే తిరగతాది పాపా. ఈ వాసనలో యాడ బతకతాది?" అన్నాడు.

ఏరియేటర్ ఎటు తిప్పితే మడ్డి ఎటు పోతుందో లెక్కగట్టి చూపించాలని ఆ రోజే అనుకున్నా. చదివింది మెకానికల్, ఇంకెప్పుడు పనికొస్తుంది?

దీనికి ఓపెన్‌ఫోమ్ ఉంది, నీళ్లు, గాలి ఎలా పారతాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పుట్టిన కోడ్, 2004 డిసెంబరులో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. మామూలుగా నడుపుకోవడానికైతే ఉబుంటు ప్యాకేజీ చాలు, అదే పెట్టుకోండి. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీనే. వేగాలు, పీడనాలు సింగిల్ ప్రెసిషన్‌లో (తక్కువ అంకెలతో, తక్కువ మెమరీలో) దాచుకుని, సమీకరణాలు సాధించేటప్పుడు మాత్రం ఎక్కువ అంకెల డబుల్ వాడే ఎస్‌పీడీపీ బిల్డ్ కావాలనుకున్నా. అందుకని సోర్స్ కోడ్‌ని నేనే కంపైల్ చేసి, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చి, కట్టుకోవడానికి సిద్ధమయ్యా. దానికి బాష్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్లో ఒక్క మాట మార్చాలి, అంతే. ఫోల్డర్ పేర్లలో ఎక్కడా ఖాళీ లేకుండా చూసుకోండి.

మొదటి రాత్రి, కంపైల్‌కి కావలసిన ఫ్లెక్స్ అనే పనిముట్టు లేదని ఆగింది. ఇన్‌స్టాల్ చేస్తే సరిపోయింది. తర్వాత మొత్తం కంపైల్ చేసే ఆల్‌డబ్ల్యూమేక్ స్క్రిప్ట్‌ని ఎనిమిది జాబ్‌లతో, అంటే ఒకేసారి ఎనిమిది ఫైళ్లు చేసేలా, వదిలా. గంట దాటాక ఆగిపోయింది. స్క్రీన్ చివర కనిపించిన ఎర్రర్ పట్టుకుని రాత్రంతా వెతికా, అదే నేను చేసిన తప్పు. ఎనిమిది ఫైళ్లు ఒకేసారి కంపైల్ అవుతుంటే అసలు దెబ్బ ఎక్కడో పైన ఉంటుంది, చివర కనిపించేది దాని పర్యవసానం. మర్నాడు లాగ్ ఫైల్ రాసేలా పెట్టి మళ్లీ నడిపి, మొదటి నుంచి చదివితే దొరికింది: "కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్". సీసీ1ప్లస్ అంటే కంపైలరే. కోడ్‌లో తప్పేమీ లేదు. టెంప్లేట్లతో నిండిన ఆ ఫైళ్లలో ఒక్కొక్కటి చాలా మెమరీ తింటుంది. ఎనిమిది కలిసేసరికి ర్యామ్ చాలక లైనక్స్ కెర్నలే కంపైలర్‌ని చంపేసింది. కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అని స్పష్టంగా రాసి ఉంది. డిస్క్‌లో కొంత ర్యామ్‌లా వాడుకునేలా 8 జీబీ స్వాప్ ఫైల్ చేసి, జాబ్‌లు రెండుకి తగ్గించా. నిదానంగానైనా కదిలింది.

రెండో రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. నా బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవదు. కరెంటు వచ్చాక అదే కమాండ్ మళ్లీ ఇస్తే అయినవాటిని వదిలేసి మిగిలినవే చేస్తుంది, ఆ ధీమాతోనే పడుకున్నా. పొద్దున చూస్తే, కంపైలైన ముక్కల్ని (ఆబ్జెక్ట్ ఫైళ్లని) కలిపే లింక్ దగ్గర ఆగింది: ఒక ఆబ్జెక్ట్ ఫైల్‌ని గుర్తుపట్టలేనంటోంది. వెళ్లి చూస్తే ఆ ఫైలు సైజు సున్నా. కరెంటు పోయిన క్షణంలో పేరు డిస్క్ మీదకెక్కింది, లోపలి సరుకు ఎక్కలేదు. తేదీ చూస్తే కొత్తది కదా, ఏది మళ్లీ చేయాలో తేదీలు చూసి తేల్చే మేక్‌కి అది అయిపోయిన పనే. సైజు సున్నా ఉన్న ఆబ్జెక్ట్ ఫైళ్లను ఫైండ్ కమాండ్‌తో వెతికితే మూడు దొరికాయి. తీసేసి మళ్లీ నడిపా. ఎవరికైనా కంపైల్ మధ్యలో కరెంటు పోతే ముందు ఇది చూడండి, మొత్తం చెరిపేసి మొదటికి రావద్దు.

మూడో రాత్రి, తెల్లారబోతుండగా పూర్తయింది. పరీక్షకి దాంతో వచ్చే క్యావిటీ ఉదాహరణే నడిపా: పది సెంటీమీటర్ల చదరపు డబ్బా, పైమూత సెకనుకి ఒక మీటరు వేగంతో పక్కకి జరుగుతుంటుంది, లోపల 400 గళ్లు. ముందు గళ్లు గీసే బ్లాక్‌మెష్, తర్వాత ప్రవాహం లెక్కగట్టే ఐకోఫోమ్ నడిపా. టైమ్ 0.5 దగ్గర "ఎండ్" అని పడింది. ఫలితాన్ని బొమ్మగా చూపే ప్యారావ్యూలో తెరిచి వేగం రంగుల్లో పెట్టా. వేగం ఎక్కువున్న పైన ఎర్రగా, తక్కువున్న కింద నీలంగా వచ్చింది.

ఐదింటికి మేత వేయడానికి లేచిన నాయన టీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఇది మన గుంట కాదని, ఊరికే ఒక డబ్బా బొమ్మ అని చెప్పా. కాసేపు చూసి, అడుగున రెండు మూలల మీద వేలు పెట్టాడు.

"ఈడ నీళ్లు కదలడంలా. మడ్డి ఈడే చేరతాది."

ఇవాళ సాయంత్రం తాడు, కొలకర్ర పట్టుకుని గుంటలోకి దిగుతున్నాం, మూలమూలా లోతు కొలవడానికి.